పిట్ట ముట్టని ముద్ద

కరీంనగర్ కాలేజీలో సీటయితే దొరికింది కాని, కొడుకు ఎక్కడ తింటాడన్న దిగులు అంతయ్యను వదలలేదు. సిరిసిల్లలో మగ్గం మీద బతికే ఆ ఇంట్లో ఇంత చదువుదాకా వచ్చినవాడు దశరథం ఒక్కడే. కాలేజీ వెనక వీధిలో వాడు పడుకోవడానికి ఒక గది కుదిరింది. ఇక తిండి కుదరాలి. సాయంత్రం బస్సుకు అంతయ్య ఇంటికి వెళ్లిపోవాలి.

"నువ్వు ఏడ తింటవో చూడకుంట పోతె, మీ అవ్వ నన్ను గడప లోపలికి రానియ్యది," అన్నాడు అంతయ్య.

"ఏడ తిన్నా బువ్వే గద బాపూ!" అని నవ్వాడు దశరథం.

పొద్దున్నుంచి తండ్రీ కొడుకులు ఆ వీధులన్నీ తిరిగారు. కమాన్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగారు. చాయ్ బాగానే ఉంది కాని, బల్లల చుట్టూ కాలేజీ పిలగాండ్లు రాజకీయాలు మాట్లాడుతూ కూర్చున్నారు. వాళ్లు లేచేటట్టు కనిపించలేదు. "గిక్కడ తింటె చదువు రాదు బిడ్డా, ముచ్చట్లు వస్తయి," అన్నాడు అంతయ్య. ఉడిపి హోటల్లో సాంబారు తియ్యగా ఉంది. అది పండుగనాడు తినే తిండి, రోజూ తినేది కాదు అనిపించింది. పక్కనున్న మిల్ట్రీ హోటల్లోంచి మసాలా ఘుమఘుమ వచ్చింది. దశరథం నడక మెల్లగయింది. అంతయ్య వాడి చెయ్యి పట్టి ముందుకు లాక్కుపోయాడు. ఇంట్లో ఏడాది మైల ఉంది, మాంసం ముట్టరాదు.

అంతయ్య తల్లి ఐలవ్వ చైత్రంలో పోయింది. మూడోనాడు పిట్టకు పెట్టినప్పుడు, ఆమెకు ఇష్టమైన గారెలు, కల్లు, జొన్నరొట్టె అన్నీ మోదుగాకులో పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. చెట్టునిండా కాకులున్నా ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. ఆడవాళ్లు ఏడుపు ఎత్తుకున్నారు. అప్పుడు అంతయ్య తడిబట్టలతో ముందుకు పోయి, "అవ్వా, నీ మనుమణ్ణి చదివిస్త, మగ్గం గుంతల దించ. ముట్టవే తల్లీ," అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే ఒక కాకి దిగి రొట్టెముక్క ఎత్తుకుపోయింది. చూసినవాళ్లంతా దండం పెట్టారు. ఆనాటి నుంచి, ఏడాది మాసికం వెళ్లేదాకా, తినేముందు మొదటి ముద్ద పిట్టకు పెట్టాలని ఆ ఇంట్లో పట్టింపు. అది ముట్టాకే వీళ్లు తినేవాళ్లు. ఈ పట్టింపు శాస్త్రంలో ఉందో లేదో అంతయ్యకు తెలియదు. అడుగుదామని అనుకున్నాడు కాని, ఎవరినీ అడగలేదు.

అంబదాస్ మెస్సు కాలేజీ ప్రహరీకి ఎదురుగా ఉంది. వాకిలి అలికి ముగ్గు వేసి ఉంది. లోపల పాండురంగని పటం, దాని ముందు రొట్టె, పప్పు నైవేద్యం. ఇల్లంతా సాంబ్రాణి పొగ. అంబదాస్ ఆదిలాబాద్ వైపు మనిషి. ముసలాయన, మెడలో తులసిమాల.

"రాండ్రి భావూ, కూసోండ్రి. దేవునికి పెట్టందే నేను ఎవ్వలకు పెట్టను," అన్నాడు. తర్వాత వంటింట్లోకి తీసుకుపోయి చూపించాడు. "చూడుండ్రి, చీమ కనవడదు. ఎలుక లేదు. ఈగ వాలదు. పక్క హోటళ్లల్ల గోడలు గూడ నడుస్తయి, అన్ని చీమలు!"

నిజంగానే ఒక్క చీమ లేదు. పలకల మీద పేర్చిన జొన్నబస్తాల కింద నాలుగు గింజలు రాలి ఉన్నాయి. రాలినవి రాలినట్టే ఉన్నాయి. చూరులో పిచ్చుకగూడు వేలాడుతోంది, అందులో అలికిడి లేదు. ఇంతమంది తినే చోట ఇంత నిశ్శబ్దమా అని అంతయ్యకు ఒక్క క్షణం ఎట్లాగో అనిపించింది. గుడి కూడా ఇట్లాగే ఉంటుంది కదా అని సమాధానం చెప్పుకున్నాడు. సాంబ్రాణి వాసన అడుగున ఇంకేదో వాసన ఉంది, ఏండ్లకేండ్లు తెరవని సందూక మూత ఎత్తినట్టు. గోనెసంచుల ముక్కవాసన కావచ్చు అనుకున్నాడు.

వసారాలో ఒక పిలగాడు నీళ్లు తాగుతున్నాడు. చెయ్యి వణికి గిలాస పండ్లకు టకటక కొట్టుకుంది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు అంతయ్య.

"ఏం లేదు పెద్దయ్యా. జర తల తిరుగుతుంది."

"చదువుడు ఎక్కువైంది వీనికి," అన్నాడు అంబదాస్.

"చదువుడా? సినిమాలు ఎక్కువైనయి!" అన్నాడు లోపలినుంచి ఇంకొకడు. అందరూ నవ్వారు. వణికే పిలగాడు కూడా నవ్వాడు.

అంతయ్య మనసు కుదుటపడింది. దశరథం ఇక్కడే తింటాడని మాట ఇచ్చాడు. అప్పటికి పంక్తి వేయడానికి ఇంకా టైముంది. అంబదాస్ వేడి రొట్టెలు, పప్పు మోదుగాకుల్లో కట్టి చేతికిచ్చాడు. "ఎల్గందుల ఖిల్లా చూడకుంట పోతరా? బస్సు దొరుకుతది. గుట్ట మీద కూసోని తినుండ్రి, ఆకలి గూడ అయితది."

ఎల్గందులకు పోయేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. జంట మినార్లున్న దో మినార్ దగ్గర దశరథం ఆగాడు. "గిది పట్టుకోని ఊపితె ఊగుతదట బాపూ, ఊపనా?"

"నమాజు చేసే జాగ అది. దేవుని ఇల్లు ఊపుతరా?" అన్నాడు అంతయ్య.

గుట్టెక్కి బురుజు నీడలో కూర్చున్నారు. కింద మానేరు సన్నగా పారుతోంది. కట్ట విప్పి, మొదటి ముద్ద రాతి మీద పెట్టి, అంతయ్య దూరం జరిగాడు. బురుజు మీద కాకులకు కొదవ లేదు. ఒకటి దిగింది. మెడ వంచి చూసింది. ముద్దలో ముక్కు పెట్టి, ఏదో కాలినట్టు వెంటనే వదిలేసింది. రాతికి ముక్కు అటూ ఇటూ రాసుకుని ఎగిరిపోయింది. పైనున్నవన్నీ ఒక్కసారి అరిచాయి. మళ్లీ ఏదీ దిగలేదు.

అంతయ్య చేతులు జోడించాడు. "అవ్వా, పోరణ్ణి దూరం పంపుతున్ననని అలిగినవా? పండుగ పండుగకు తోలుకొస్త." కాకి రాలేదు. "నీ పేరుమీద గుళ్లె దీపం పెట్టిపిస్త." రాలేదు. "ఏం కావాల్నో చెప్పవే!" అన్నాడు చివరికి. ఆ గొంతు విని, అప్పటిదాకా నవ్వుతున్న దశరథం నవ్వు ఆపేశాడు.

"బాపూ, వాటి కడుపులు నిండినయేమో. తిందాం రా."

"వద్దు బిడ్డా. పిట్ట ముట్టంది మనం ముట్టద్దు."

దశరథం గొణిగాడు కాని ఎదురు చెప్పలేదు. రొట్టెలన్నీ మానేరులో కలిపారు. కింద రోడ్డుమీద ఒక ముసలమ్మ అమ్మే నేరేడుపండ్లు కొని తిన్నారు. ఉమ్మిన గింజల కోసం కాకులు వాళ్ల కాళ్ల దగ్గరికే వచ్చి పొడుచుకున్నాయి. అంతయ్య అది చూశాడు. చూసి కూడా, తల్లి తన మీద అలిగిందన్న ఆలోచనలోనే ఉన్నాడు.

బస్టాండులో విడిపోయేటప్పుడు కొడుకు భుజం పట్టుకున్నాడు. "అంబదాస్ దగ్గర పంక్తిల కూసునే ముందు, బాపమ్మకు ముద్ద పెట్టు. గోడమీద పెట్టు."

"ముట్టకుంటె? పస్తేనా నేను?"

పొద్దున్నుంచి వాడి కడుపులో చాయ్, ఒక ఇడ్లీ, నేరేడుపండ్లు తప్ప ఏమీ పడలేదు. అంతయ్యకు జాలేసింది. "జర సేపు చూడు. రాకపోతె బాపమ్మకు మొక్కి తిను," అన్నాడు.

బస్సు ఊరు దాటింది. చినుకులు పడితే కిటికీలు మూశారు. మూయగానే అంతయ్యకు ఆ వాసన తగిలింది. సందూక వాసన. సాంబ్రాణి లేకుండా, ఒట్టిగా, ఘాటుగా. పక్కన కూర్చున్న రైతు కాళ్ల దగ్గర ఒక మూట ఉంది. దాని మీద తెల్లపొడి.

"ఏందే పటేలా అది?" అన్నాడు అంతయ్య.

"జొన్నిత్తనాలు. నా పేరు హనుమండ్లు, మాది గంభీరావుపేట దిక్కు. వానలు పడుతున్నయి గదా, ఇత్తాలె." రైతు మూటను కాలితో దగ్గరికి జరుపుకున్నాడు. "మందు కలిపిచ్చిండ్రు. భూమిల ఏసినంక పురుగు ముట్టద్దు, చీమ ముట్టద్దు, పిట్ట ముట్టద్దు. నువ్వు గూడ చెయ్యి పెట్టకు."

అంతయ్య రైతు వైపు తిరిగాడు. "మిగిలితె ఏం చేస్తరు?"

"పూడ్చిపెట్టాలె. కొందరు దొంగలు అంగట్ల అమ్ముతరు. కడిగితె తెల్లగ అయితయి, అగ్గువకు వచ్చినయని గరీబోళ్లు కొంటరు. మా ఊళ్లె ఒక ఎద్దు తిన్నది. కాళ్లు వణికి, నురుగులు గక్కి, ఉన్నకాడనే కూలవడ్డది."

పండ్లకు గిలాస కొట్టుకున్న చప్పుడు అంతయ్య చెవిలో వినిపించింది.

"ఆపుండ్రి! బస్సు ఆపుండ్రి!" అని లేచాడు.

"ఇంట్ల పొయ్యి మీద ఏమన్న మరిచిపోయినవా తాతా?" అని కండక్టర్ ఎకసెక్కెం ఆడాడు. అంతయ్య మొహం చూసి మాట మింగి, గంట కొట్టాడు.

వానలో రోడ్డుమీద పరుగెత్తాడు. ఎదురుగా కరీంనగర్ పోయే లారీకి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. లారీలో కూర్చున్నంతసేపూ ఒక్కటే ఆలోచన. జర సేపు చూడమన్నాడు. నకనకలాడే పిలగానికి జర సేపంటే ఎంత? కాకి దిగనప్పుడు వాడు మొక్కి తింటాడు. మొక్కి తినమని తానే చెప్పాడు. అవ్వ అలగలేదు. అవ్వ చెప్పాల్సింది చెప్పింది. మొక్కుల మీద మొక్కులు మొక్కింది తాను. ఇది అవ్వ చేసిన పనో, ఒట్టి కాకి చేసిన పనో? ఆ సంగతి తేలకపోయినా పరవాలేదు, వాడు తినకుంటే చాలు. మా కులదేవుడా, మార్కండేయా, వాడు తినకుంటే చాలు.

మెస్సు చేరేసరికి దీపాలు పెట్టారు. లోపల పంక్తి సాగుతోంది. విస్తళ్ల ముందు వరుసగా పిలగాండ్లు, వంచిన తలలు. ఆ వరుసలో దశరథం లేడు. బావి దగ్గర ఎవరో వంగి కక్కుకుంటున్నారు. అంతయ్య గోడ పట్టుకుని అక్కడిదాకా పోయాడు. పొద్దున గిలాస పట్టుకున్న పిలగాడు. అతని తల పట్టుకుని నిలబడ్డవాడు దశరథం.

"తిన్నవా?" అంతయ్య వాడి భుజం పట్టుకున్నాడు. మళ్లీ అడిగాడు. "తిన్నవారా?"

"ఏడ తిన్న?" దశరథం విసుగ్గా గోడ చూపించాడు. గోడమీద ముద్ద, పక్కన వాడి విస్తరి, పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. "గప్పటి సంది చూస్తున్న. ఒక్క కాకన్న రాలే. ఇగ మొక్కి తిందామనంగనే వీడు వాంతులు మొదలుపెట్టిండు. నువ్వేంది బాపూ, మళ్లొచ్చినవు?"

అంతయ్య, ఇంతకాలం ఎవరి మీదా గొంతెత్తని మనిషి, పంక్తి నడుమకు పోయి, "తినకుండ్రి! చేతులు తియ్యుండ్రి! ఇత్తనాల మందు అది!" అని అరిచాడు. చేతులు విస్తళ్లలోనే ఆగిపోయాయి.

అంబదాస్ రొట్టెల గంప పట్టుకుని వంటింట్లోంచి వచ్చాడు. "ఏం మాట భావూ అది? అగ్గువకు దొరికినయని కొన్న, నిజమే. దుమ్ము పట్టినయన్నరు. మూడు నీళ్లు పోసి కడిగిన. దేవునికి పెట్టిన. నేను గూడ రోజు గవే తింటున్న!"

"ఎన్నాళ్ల సంది?" అన్నాడు అంతయ్య.

అంబదాస్ చేతిలో గంప వణుకుతోంది. అది వయసుతో వచ్చిన వణుకని ఇన్నాళ్లూ అనుకున్నాడు కాబోలు, ఇప్పుడు తన చేతిని తానే, ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. గంప జారి రొట్టెలు నేలమీద దొర్లాయి. ఎవరూ వాటిని ఎత్తలేదు.

ఎవరో దవాఖానకు పరుగెత్తారు. పంక్తిలో ఒకడు లేవబోయి, లేవలేక, పక్కవాడి భుజం పట్టుకున్నాడు. అంతయ్య కొడుకు చెయ్యి వదలకుండా నిలబడ్డాడు. పటం ముందు దీపం వెలుగుతోంది. పొద్దున పెట్టిన నైవేద్యం ఇంకా అక్కడే ఉంది. దేవుడు చూస్తూనే ఉన్నాడు కదా, ఎందుకు ఊరుకున్నాడు అని అతనికి అడగాలనిపించింది. దండం పెట్టడానికి ఎత్తబోయిన చెయ్యి కొడుకు చేతిలోనే ఉండిపోయింది.

నైవేద్యం చుట్టూ ఒక్క చీమ లేదు.