సీతారావమ్మ గారి సీటు

మా ఆయనకు పని వచ్చు, ఎదుటి మనిషి మాట వినడం రాదు. ఖమ్మంలో మా కుషన్ దుకాణానికి వచ్చే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. అయినా జానీ మియా చేతి పనికి ఆశపడి వస్తారు, నా మీద జాలిపడి వెళ్తారు.

వెంకటరామారావు గారు మాకు పాత గిరాకీ. ఎర్రుపాలెం వైపు వ్యవసాయం. దానికి తోడు, ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలపు లారీ ఒకటి. భద్రాచలం అడవి పక్క ఊళ్ళ నుంచి జామాయిల్ కర్ర తోలేవారు. ఎంత వయసు మీద పడినా ఆ స్టీరింగు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. అందులో ఇప్పటికీ సీటంటే చెక్క బల్లే. దాని మీద కూర్చుంటే నడుం విరుగుతుందని ఆయన భార్య సీతారావమ్మ గారు ఒక్కసారి కూడా లారీ ఎక్కలేదు. ఆమె కోసం పాత మారుతి కారు కొన్నారు. పోయిన ఎండాకాలం ఆమె కన్నుమూసింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఆయన లారీ తెచ్చి మా దుకాణం ముందు ఆపారు. వెనకాల పట్టా కింద కారు ముందు సీట్లు రెండూ ఉన్నాయి.

"కారు పాత ఇనుం కిందకి పోయింది మియా. ఈ బకెట్ సీట్లు మాత్రం ఇవ్వలేదు. లారీలో బిగించు. ఉన్నవి ఉన్నట్టే బిగించు, ఏం మార్చమాక."

మా ఆయన టేపు పట్టుకుని లారీలోకి దూరాడు. నేను చాయ్ తెచ్చాను. పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి, ఎడమ సీటును అరచేత్తో నిమిరారు. రెగ్జిన్ పగిలింది. కూర్చునే చోట గుంట పడింది, అదీ కుడివైపు ఎక్కువగా.

"చూడమ్మా అమీనా, మీ పిన్ని ఎప్పుడూ ఇటే ఒరిగేది. నా వైపు. ఏం అంటే నడుం నొప్పి అనేది."

నవ్వబోయారు, నవ్వు రాలేదు.

"భద్రాచలం వంతెన మీద కారులో పోతే పిట్టగోడే కనపడుద్ది, నీళ్ళు కనపడవు. లారీ ఎక్కవే, పైనుంచి గోదారి చూపిస్తా అని ఎన్నిసార్లు బతిమాలానో. ఎక్కలా. ఇప్పుడు తీసుకెళ్తా."

పోయిన మనిషిని ఎట్లా తీసుకెళ్తారని నేను అడగలేదు. ఆ గుంట చూస్తే అడగాలనిపించలేదు. "తీసుకపోండి బాబాయ్" అన్నాను.

ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. కోపం వచ్చినా, గట్టిగా చెప్పాల్సి వచ్చినా తెలుగులోకి దిగుతాం. ఆ రాత్రి తెలుగులోనే చెప్పాను. "ఆ ఎడమ సీటు పిన్నిది. దాన్ని ముట్టకు. ఉన్నది ఉన్నట్టు బిగించి ఇయ్యి."

"అవ్, నాకు తెల్వదా" అన్నాడు.

తెల్లారి బోనకల్ నుంచి ఫోన్. మా అక్క జ్వరంతో పడిపోయిందట. నేను రైలెక్కాను. అక్క లేచి నాలుగు మెతుకులు తినేదాకా అక్కడే ఉండి తిరిగొచ్చాను.

వచ్చేసరికి లారీ తలుపు తీసి ఉంది. కారు సీటు కింది పట్టాలకూ లారీలోని బోల్టు రంధ్రాలకూ పొంతనే లేదు. మా ఆయన ఇనుప పట్టీలతో చట్రం కట్టించి, అంత పొడుగు బానెట్ మీదుగా రోడ్డు కనిపించేలా సీట్లను ఎత్తులో నిలబెట్టాడు. ఇంకెవరూ అంత బాగా చేయలేరు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ సీట్ల మీద కొత్త మెరూన్ రెగ్జిన్ మెరుస్తోంది. ఎడమ సీటు పెళ్ళివారి దిండులా నిండుగా ఉబ్బి ఉంది.

"ఏం జేసినవ్?"

"ఏంది గట్ల జూస్తవ్? మార్చొద్దు అన్నడంటే పైసలకు ఎనకాముందు అయితున్నడని. మన ధందాల ఎవరన్నా గట్లనే అంటరు. పెద్దాయన తాన నేను పైసలడుగుతనా? సీతారావమ్మ తల్లి సీటు, పగిలిన రెగ్జిన్‌తోని ఇస్తనా? మంచి ఫోమ్ ఏసిన. నా తరఫున."

"పాతదేది?"

"ముట్టుకుంటెనే పిండి పిండి అయింది. చెత్త బండిల ఏసిన."

ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాను. ఏమని తిట్టాలి? దుకాణంలో ఉన్నవాటిలో మేలైనది తీసి పెట్టాడు, ప్రేమతో పెట్టాడు. ఆ గుంట సంగతి చెబుదామనుకునేలోపే వీధిలో ఆటో ఆగింది.

పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నన్ను చూసి తల ఊపి, నేరుగా లారీ ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నారు. కూర్చుని, అటు చూడకుండానే ఎడమ చెయ్యి పక్క సీటు మీదికి చాపారు. చెయ్యి అనుకున్నంత కిందికి దిగలేదు, పైనే ఆగిపోయింది. అప్పుడు తిరిగి చూశారు. అరచేత్తో అదిమారు. ఫోమ్ పైకి లేచింది. మళ్ళీ అదిమారు. మళ్ళీ లేచింది.

మా ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. "ఎట్లుంది బాబాయ్?"

పెద్దాయన నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయనకు అంతా అర్థమైంది. నా కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"బాగా కుట్టావు మియా" అన్నారు. సీటును ఇంకోసారి అదిమి, "ఇది కుంగాలంటే ఎన్నేళ్ళు పడుద్ది?" అని అడిగారు.

నేను మా ఆయన చొక్కా పట్టి లాగాను. ఈయన ఎప్పుడు విన్నాడు గనుక.

"మీ జిందగీల కుంగదు బాబాయ్. నాది గ్యారంటీ."

పెద్దాయన తల ఊపి బండి స్టార్ట్ చేశారు. కొత్తగూడెం రోడ్డు పట్టుకుంటే భద్రాచలం పోవచ్చు. నేను గుమ్మంలో నిలబడి అటే చూస్తున్నాను. లారీ ఇంటిదారి పట్టింది.