అందరి ఫోల్డరు

తప్పు ఆ ప్రోగ్రాము రాసినవాళ్లది. ఈ విషయంలో క్రిస్పిన్ ఒవెలార్ ఎవరితోనూ వాదించడు.

ఇటగ్వా ఊళ్లో బస్సురోడ్డు పక్కన ఇరుకు గదిలో, కంప్యూటర్ల పొట్టలు విప్పి బ్రష్షుతో ఎర్రదుమ్ము దులుపుతూ ముప్పై ఏళ్లు గడిపాడు. గోళ్ల కింద ఆ ఎరుపు ఇక వదలదు. మోచేతి దగ్గర తెరెరె అనే చల్లటి ఆకుపానీయం గ్లాసులో మంచు కరిగి చాలాసేపయింది.

ఆ ఉదయం, బడి యూనిఫారాలకు మిషను మీద గుర్తులు కుట్టే తెయోదొలీనా తన కంప్యూటరు తెచ్చింది. నత్తలా నడుస్తోందని, అంతా తుడిచేసి కొత్తగా చేయమని అడిగింది. ఆమె పేరున్న ఫోల్డరును అతడు కాపీ చేశాడు. అయినా తుడవలేదు. లోతుకు వెళ్లి, అందరికీ ఉమ్మడిగా ఉండే ఫోల్డరు తెరిచాడు. ఆమె గీసుకున్న బడి గుర్తులన్నీ అక్కడున్నాయి, నాలుగు వందల పైచిలుకు.

తెయోదొలీనా తెర మీదికి వంగి చూసింది.

"ఇవి పోతే నేను కొట్టు మూసుకోవాల్సిందే. ఈ గుర్తులు గీసే ప్రోగ్రాము నా సామాను నా గదిలో పెట్టకుండా అక్కడెందుకు పెట్టింది, దాని మొహం మండ."

"ఒకే కంప్యూటరు మీద నలుగురు కూర్చుంటారేమోనని. నీ గదిలో పెడితే మిగతావాళ్లకు అందవు. అందుకని ఉమ్మడి గదిలో పడేస్తుంది."

"మా ఇంట్లో నేనూ, పిల్లీ. పిల్లికి కుట్టు రాదు. అడగొచ్చుగా?"

"అడుగుతుంది. నీ ఒక్కదానికా, అందరికా అని. ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు, ఒక్కసారే."

అయితే ఇది దాన్ని ఎక్కించిన తన అల్లుడి నిర్వాకమేనని తెయోదొలీనా కాసేపు అల్లుణ్ని తిట్టిపోసింది. క్రిస్పిన్ తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

అతడి భార్య ఎలీహియా సాలెగూడు లేసు అల్లేది, గుండ్రటి వలయం గీసి దాని లోపల దారాలతో. కళ్లు మసకబారడం మొదలయ్యాక, వేళ్లకు తెలిసిన నమూనాలన్నీ కంప్యూటరులో పెద్దవి చేసి గీసి పెట్టుకుంది. పదకొండేళ్ల పని. ఆ గీసే ప్రోగ్రామును ఆమెకు ఎక్కించింది క్రిస్పినే. బళ్లలో, దుకాణాల్లో రోజూ నొక్కే అలవాటున 'అందరికీ' అని నొక్కాడు. ఆ కుర్చీలో కూర్చునేది ఆమె ఒక్కతే. తర్వాత కంప్యూటరు మొరాయించినప్పుడు, ఆమె పేరున్న ఫోల్డరు మాత్రం కాపీ చేసుకుని మిగతాది తుడిచేశాడు. అన్నీ తీశావా అని ఆమె రెండుసార్లు అడిగింది. నా పని నాకు నేర్పకు అన్నాడు.

నమూనాలన్నీ పోయాయని తెలిసినా ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొన్ని నెలలకే, ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున్న ఆమె ఇక నిద్ర లేవలేదు.

"అక్కడ వెతకాలని మీకెలా తట్టింది, దోన్ క్రిస్పిన్?" తెయోదొలీనా అడిగింది.

"ఒకావిడవి పోయాయి. ప్రోగ్రాము పోగొట్టింది."

"ప్రోగ్రామా? అది అడుగుతుందన్నారుగా."

అతడు తీగలు పీకి కంప్యూటరు ఆమె చేతుల్లో పెట్టాడు. సాయంత్రంలోగా చేసిస్తానన్న పని సగంలోనే ఆగింది.

"ఇంకొకరి దగ్గర చేయించుకో. ఆ మాట నా దగ్గర మళ్లీ ఎత్తకు. నేను ఎవరి దగ్గరా ఎత్తను."

ఆమె వెళ్లిపోయాక సొరుగు లాగాడు. ఆ చివరి నెలల్లో ఎలీహియా, కనిపించీ కనిపించని కళ్లతో, గుర్తున్న నమూనాలను పెన్సిలుతో గీసుకున్న నోటుపుస్తకం ఉంది అందులో. తొమ్మిది పేజీలు నిండాయి. పదో పేజీలో వలయం ఒక్కటే ఉంది, లోపల ఒక్క గీత కూడా లేదు.