ఖాకాకు సరిపడే టాబ్లెట్

టాబ్లెట్ కొనేది నీ కోసమే అని మోయిజ్ అన్నప్పుడు షీరీన్ కాగితం మీద గీసిన నెమలి తోక దగ్గర సూదితో బెజ్జాలు పొడుస్తూ ఉంది. తోక దగ్గర తల ఎత్తితే గీత తప్పుతుంది కాబట్టి ఎత్తలేదు. ఊఁ అంది. ఆ ఊఁ చాలు అతనికి. పెళ్లయినప్పటి నుంచీ ఆమె ఊఁ కొట్టిన ప్రతి మాటనూ ఒప్పుకోలు కిందే జమ వేసుకుంటూ వచ్చాడు.

మణుగూరు బజార్లో మోయిజ్‌ది మగ్గం వర్క్ షాపు. బొగ్గు గనుల కాలనీల ఆడవాళ్లూ, దమ్మపేట వైపు రైతుల ఇళ్లవాళ్లూ పెళ్లి జాకెట్లు అక్కడే ఇస్తారు. షాపు వెనక గదిలో కారిగర్లు మగ్గం ముందు కూర్చుని జరీ కుడతారు. బట్ట మీద జరీ పడేముందు డిజైన్ ఒకటి ఉండాలి కదా, దాన్ని ఇంట్లో షీరీన్ పల్చటి ట్రేసింగ్ కాగితం మీద గీస్తుంది. గీత వెంబడి సూదితో సన్నగా పొడుస్తుంది. ఆ కాగితాన్ని జాకెట్ గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడి రుద్దితే చుక్కలు చుక్కలుగా డిజైన్ గుడ్డ మీదికి దిగుతుంది. అదే ఖాకా. అది రాకపోతే మగ్గం దగ్గర అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. కారిగర్లకు కూలి ఉంది, షాపు గది ఓనరుకు కిరాయి ముడుతుంది, మోయిజ్‌కు చుట్టుపక్కల మంచి పేరుంది. షీరీన్‌కు వంటింటి కిటికీ కింద ఒక చెక్క పలక ఉంది. వచ్చిన చుట్టాలతో అత్త జహీదా, మా కోడలికి ఖాళీగా కూసునుడు రాదు, ఏదో ఒకటి గీక్కుంటనే ఉంటది అని మెచ్చుకునేది. అది మెచ్చుకోలే అని షీరీన్ చాలా ఏళ్లు నమ్మింది కూడా.

టాబ్లెట్ల వేట మొదలయ్యాక ఇంట్లో అందరూ నిపుణులైపోయారు. మోయిజ్ అన్నం ముందు కూర్చుని ఫోన్‌లో వీడియోలు పెట్టేవాడు. ఇది మంచిదా అది మంచిదా అని ఎవరో ఒకాయన రెండు టాబ్లెట్లను చెరో చేతిలో పట్టుకుని ఊపిరాడకుండా చెబుతూ ఉండేవాడు. స్క్రీన్ ఎంత, బ్యాటరీ ఎంత, దేంట్లో ఎన్ని స్పీకర్లు. మరిది పర్వేజ్, కంపెనీ పేరు లేని మాల్ ముట్టుకోవద్దు భాయ్, రేపు రిపేరుకు హైదరాబాద్ మోసుకపోవాలె అన్నాడు. అత్త, సప్పుడు మంచిగ వినపడాలె, నాకు చెవులు మందం అంది. నీ కోసమే అన్న మాట మాత్రం ఎవరూ వదల్లేదు. ఏది కావాలని షీరీన్‌ను అడగాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు. రొట్టెలు కాలుస్తూ ఆమె అన్నీ వింది. దేని ధర ఎక్కువో, ఎందుకు ఎక్కువో ఆమెకు నోటికొచ్చేసింది.

తనకు కావలసింది ఏమిటో ఆమెకు తెలుసు. కూతురు సుమేరా ఒకసారి స్నేహితురాలి టాబ్లెట్ ఇంటికి తెచ్చి, అమ్మీ, గీసి చూడు అని పెన్ను చేతికిచ్చింది. షీరీన్ ఒక మల్లె రేకు గీసింది. నొక్కితే గీత లావైంది, చెయ్యి తేలిక చేస్తే సన్నబడింది. నచ్చక చెరిపితే కాగితం చిరగలేదు. అంచు పువ్వు ఒక్కసారి గీస్తే చాలు, పక్కన వరసగా అదే పరుచుకుంది. అవన్నీ బాగానే ఉన్నాయి. ఆమె మనసు పట్టుకున్నది వేరే. గీసింది ఉంటుందట. ఎన్నేళ్లయినా అలాగే ఉంటుందట. ఖాకా అలా ఉండదు. నాలుగు జాకెట్లకు వాడేసరికి కిరోసిన్ తాగి మెత్తబడుతుంది, ఐదోదానికి చిరుగుతుంది, కారిగర్ దాన్ని ఉండ చేసి బయట పారేస్తాడు. ఇన్నేళ్లలో తను గీసిన వందల నెమళ్లు, తీగలు, చిలకలు ఎవరెవరి భుజాల మీదో తిరుగుతున్నాయి. తన దగ్గర ఒక్కటీ లేదు. ఆ రోజు ఆ రేకును చూస్తూ ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. సుమేరా చూడకుండా ముక్కు తుడుచుకుని పెన్ను తిరిగిచ్చేసింది.

ఖమ్మం ఆమెను కూడా తీసుకెళ్లాడు మోయిజ్. నీ కోసం కొంటున్నప్పుడు నువ్వు లేకుంటే ఎట్ల అన్నాడు. దుకాణంలో రెండు టాబ్లెట్లు గాజు బల్ల మీదికి వచ్చాయి. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే. ఒకటి పెద్దది, స్క్రీన్ వెడల్పు, స్పీకర్లు నాలుగు, బ్యాటరీ రెండ్రోజులు గ్యారంటీగా వస్తుందన్నాడు సేల్స్ కుర్రాడు. దానికి పెన్ను లేదు, విడిగా కొనాలి. రెండోది చిన్నది, పేరున్న కంపెనీది, పెన్ను డబ్బాలోనే వస్తుంది. ఆ పెన్నుకు చెయ్యి బరువు తెలుస్తుందని, డ్రాయింగ్ చేసేవాళ్లంతా ఇదే తీసుకుంటారని కుర్రాడు చెప్పాడు. ఇంకేముంది, కుర్రాడే తన మాట చెప్పేశాడు అనుకుంది షీరీన్.

మోయిజ్ సంచిలోంచి చుట్టచుట్టిన కాగితం తీశాడు. అది జాకెట్ చేతి ఖాకా. షీరీన్ గీసిందే. అతను దాన్ని ముందు చిన్న టాబ్లెట్ మీద పరిచాడు. కాగితం రెండు వైపులా బయటికి వచ్చింది. తర్వాత పెద్దదాని మీద పరిచి అరచేత్తో సాఫు చేశాడు. అక్కడా అంచులు కొంచెం బయటికే ఉన్నాయి, అయినా అతని మొహం వెలిగింది. చేతి డిజైన్ ఇంచుమించు పడుతోంది, చిన్నదాంట్లో సగం చేయి కూడా రాదు అన్నాడు. తెర మీద బొమ్మను రెండు వేళ్లతో ఎంతైనా పెద్దది చేసుకోవచ్చని కుర్రాడు చెప్పబోయాడు. మోయిజ్ వినలేదు. మగ్గం పనిలో పుట్టి పెరిగిన మనిషికి డిజైన్ అంటే గుడ్డ కొలత, గుడ్డ కొలతకు తగ్గ కాగితం. అద్దాన్నీ అతను కాగితం లాగే కొలిచాడు. అందులో అతని తప్పేమీ లేదు. పక్కన ఉన్న మనిషిని అడిగితే చెప్పేది, అంతే.

కాగితం ఎత్తేసరికి టాబ్లెట్ అద్దం మీద బెజ్జాల్లోంచి రాలిన తెల్ల పొడి చుక్కలు చుక్కలుగా అంటుకుని ఉంది. ఒక తీగ, తీగ మీద వాలిన చిలక, సగం విచ్చిన మొగ్గ. సేల్స్ కుర్రాడు వంగి చూశాడు.

“డిజైన్ మస్తుంది భాయ్. ఎవరు గీసిన్రు?”

“షాపుదే,” అన్నాడు మోయిజ్. “మా షాపు డిజైన్.”

పక్కన షీరీన్ ఉంది. అబద్ధం చెబుతున్నానని అతనికి అనిపించలేదని ఆమెకు తెలుసు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. కుర్రాడు గుడ్డ ముక్క తీసుకుని చిలకను, తీగను ఒక్క తుడుపులో తుడిచేశాడు. అద్దం కొత్తదైంది.

“పెన్ను ఉన్నది తీసుకుందామండీ,” అంది షీరీన్. వారమంతా ఇంట్లో నోట్లో తిప్పుకున్న మాట అది.

“పెన్నెందుకే, ఎక్కడో పడిపోతది. మెహందీ పెట్టవా, గట్లనే వేలుతోని గీసుకో.”

మెహందీని కోన్‌తో పెడతారు. ఇంట్లో ప్రతి పండక్కీ అతని కళ్ల ముందే ఆమె ఇంటిల్లిపాదికీ కోన్‌తోనే పెట్టింది. పెద్ద టాబ్లెట్‌కు బిల్లు రాశారు.

నీ కోసమే కొన్న ఆ టాబ్లెట్ షాపు కౌంటర్ మీద కూర్చుంది. మోయిజ్ పూర్తయిన జాకెట్లన్నీ ఫోటోలు తీసి అందులో పెట్టాడు. వచ్చినవాళ్లు వేలితో జరుపుకుంటూ చూస్తున్నారని, షాపుకే కళ వచ్చిందని భోజనాల దగ్గర మురిసిపోయాడు. చార్జింగ్‌కు కూడా అది ఇంటికి రాలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున వంట తొందరగా అయిపోయింది. షీరీన్ పలక ముందు కూర్చుని ఏ ఆర్డరూ లేకుండా గీసింది. ఖమ్మంలో తుడిచేసిన ఆ తీగే, ఈసారి రెండు చిలకలతో. ఒకటి అలిగి మొహం తిప్పుకుంది, ఒకటి మొగ్గను కొరుకుతోంది. గీస్తున్నంతసేపూ ఆమెకు హాయిగా ఉంది. పూర్తయ్యాక అలవాటుగా చెయ్యి సూది కోసం వెళ్లింది, మధ్యలో ఆగింది. పొడిస్తే ఇది ఖాకా అవుతుంది. పొడవకపోతే బొమ్మగా ఉంటుంది.

అప్పుడు మోయిజ్ ఫోన్ చేశాడు. గొంతులో కంగారు. దమ్మపేట పార్టీ వచ్చింది, పెళ్లి దగ్గర పడింది, టాబ్లెట్‌లో ఉన్నవన్నీ చూశారు, ఇవన్నీ ఎవరో ఒకరు తొడుక్కున్నవే అంటున్నారట. చేతులకు కొత్తది కావాలట, తీగ, చిలకలు. కారిగర్లు ఖాళీగా ఉన్నారు. పొద్దుగూకే లోపల ఖాకా పంపించు అన్నాడు. జల్దీ అన్నాడు.

షీరీన్ పలక మీద చిలకల్ని చూసింది. సూది పట్టుకుంటే మధ్యాహ్నానికల్లా అయిపోయే పని. ఆమె కాగితాన్ని మడత పడకుండా చుట్టి, అల్మరాలో తన బట్టల కింద పెట్టి, తలుపు వేసి వచ్చింది. అవతల మోయిజ్ హలో హలో అంటూనే ఉన్నాడు.

“ఖమ్మంల షాపు డిజైన్ అని చెప్పిన్రు గదా,” అంది మెల్లగానే. “షాపునే గీయమనండి.”