కుర్చీ మీద హాకీ సంచి

చీకటి గదిలో ఫోటో ట్రేలు మూడూ కడిగి బోర్లించి, సింకు చుట్టూ చిందిన నీళ్ళు తుడుస్తుంటే నడుం పట్టేసింది. సింకు అంచు పట్టుకుని అలాగే కాసేపు నిలబడ్డాను. గోడ గడియారంలో పదకొండూ నలభై. మా బడిలో టీచర్లకి భోజనానికి ఇచ్చేది అరగంట. ఆ అరగంట నాది కాకుండా పోయి పదకొండేళ్ళయింది.

మా హైస్కూల్లో ఫోటోగ్రఫీ క్లాసులు రెండే. ఆ రెండూ పూర్తిచేసి ఇంకా లోతుగా నేర్చుకుంటామనే పిల్లలకి స్వతంత్ర అధ్యయనం అని ఒకటుంది. ఎవరికి వాళ్ళు ఒక విషయం ఎంచుకుని, ఏడాదంతా దాని మీదే పనిచేసి, డైరీ రాసి, చివరికి ఇరవై ఫోటోలు సిద్ధం చేయాలి. మే నెలలో లైబ్రరీ ముందు వరండాలో ప్రదర్శన. బడి గురించి ఊళ్ళో పంచే పుస్తకంలో మొదటి పేజీలోనే దీని గురించి రాస్తారు. టైమ్‌టేబుల్లో మాత్రం ఎక్కడా కనబడదు, నా భోజనం అరగంటలోనే నడవాలి. "ఎలాగూ మీరు ఆ గదిలోనే ఉంటారు కదా, ఒడెట్" అన్నారు మొదటి ఏడాదే ప్రిన్సిపల్ హాస్కెల్ గారు. నిజమే. నేనెలాగూ ఎక్కడో ఒకచోట ఉంటాను. ఇంట్లోనూ ఇదే మాట. "ఎలాగూ లేస్తున్నావు కదా, ఆ కాఫీ ఇటు అందుకో." "ఎలాగూ బజారు మీదుగానే వస్తావు కదా, అమ్మ మందులు తీసుకురా." నేను లేవడం, నడవడం, నిలబడడం అన్నీ ఇంకెవరి పనికో దారిలో పడతాయి. నా పనికి ఎవరి దారీ పడదు.

మా ఆయన ఆర్మాండ్ ముప్పై ఏళ్ళు ఫైర్ స్టేషన్‌లో చేసి నిరుడు మానేశాడు. "చాలినంత పరిగెత్తాను, ఇక కూర్చుంటాను" అన్నాడు, కూర్చున్నాడు. వాళ్ళమ్మ మాతోనే ఉంటుంది. ఎనభై ఆరేళ్ళు. అమెరికాలో మెయిన్ అనే ఈ రాష్ట్రంలో, ఈ నది ఒడ్డున బట్టల మిల్లుల్లో పని చేయడానికి క్యూబెక్ నుంచి దిగిన మిగతా ఇళ్ళలో లాగే మేమూ ఆమెను మెమేర్, అంటే బామ్మ, అంటాం. పొద్దున్నే ఆమెకి స్నానం చేయించి, బట్టలు మార్చి, మధ్యాహ్నానికి బఠాణీ సూపు గిన్నెలో పోసి మూతపెట్టి బడికొస్తాను. దాన్ని స్టవ్ మీద పెట్టి వెలిగించడం ఆర్మాండ్ వంతు. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి "ఇవాళ అమ్మకి నేనే వండిపెట్టాను" అంటాడు.

పెళ్ళికి ముందు నేను మంచి ఫోటోలు తీసేదాన్ని. ఈ మాట నోటితో అనడం మానేసి చాలా కాలమైంది. పెళ్ళయ్యాక కూడా తీశాను: పుట్టినరోజులు, చేపలవేటలు, ఆర్మాండ్ స్టేషన్‌లో వాళ్ళ విందులు. ఒకసారి క్రిస్మస్‌కి అందరూ ఆల్బమ్‌లు తిరగేస్తుంటే మా ఆడపడుచు అంది, "ఇవి చూస్తే మా అన్నయ్యకి పెళ్ళే కాలేదనుకుంటారు" అని. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లేచి కేకు కోయడానికి వెళ్ళాను.

ఈ ఏడాది నా దగ్గరికి స్వతంత్ర అధ్యయనానికి వచ్చింది ఒక్కతే. డెల్ఫీన్ విలెట్, పదిహేడేళ్ళ పిల్ల. బక్కగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. వాళ్ళ నాన్న డెనిస్ మా బడి హాకీ జట్టు కోచ్. ఊళ్ళో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. డెల్ఫీన్ సెప్టెంబరులో తెచ్చినవన్నీ వంతెనలు, సూర్యాస్తమయాలు, మంచుపట్టిన కొమ్మలు.

"చక్కగా ఉన్నాయి" అన్నాను. "కానీ ఇవి బ్యాంకు క్యాలెండర్లో కూడా ఉంటాయి. నువ్వు మాత్రమే తీయగలిగేది ఏముంది?"

ఆ పిల్ల గోరు కొరుక్కుంటూ చాలాసేపు ఆలోచించింది. "మా ఇల్లు" అంది. "కానీ అక్కడ ఏమీ జరగదు మిస్."

"ఏమీ జరగనిదే తీసుకురా."

తెచ్చింది. వారం వారం ఫిల్ము చుట్టలు తెచ్చేది. నేను రొట్టె ముక్క ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నెగెటివులు వెలుతురుకి పెట్టి చూసేదాన్ని. తలుపు దగ్గర విడిచిన బూట్లు. సగం మడతపెట్టిన దుప్పట్ల గుట్ట. అన్నదమ్ముల గదిలో నేలమీద పడున్న తువ్వాళ్ళు, వాటి మీదికి వంగిన ఒక చెయ్యి. ఎప్పుడూ చెయ్యో, భుజమో, వెనక నుంచి జడముడో. మనిషి మొత్తంగా పడేది కాదు. "అమ్మ ఆగదు మిస్, ఫోకస్ చేసేలోపు వెళ్ళిపోతుంది" అనేది.

ఏప్రిల్‌లో ఒకరోజు ఎర్ర దీపం కింద ఇద్దరం ట్రే మీదికి వంగి నిలబడ్డాం. తెల్ల కాగితం మీద బొమ్మ మెల్లగా తేలింది. ముందు బల్ల తేలింది. బల్ల దగ్గర డెనిస్, ఇద్దరు కొడుకులు. ఏదో జోకుకి నోరారా నవ్వుతున్నారు. నాలుగో కుర్చీలో ఒక పెద్ద హాకీ సంచి, అదీ ఓ మనిషిలాగే, నిటారుగా కూర్చునుంది. ఆ వెనక పొయ్యి గట్టు దగ్గర డెల్ఫీన్ వాళ్ళమ్మ జిసెల్. గిన్నెలోంచి నేరుగా గరిటెతో తింటోంది, నిలబడి. ఒక పాదం మీద రెండో పాదం ఆనించుకుని, తల తిప్పి, బల్ల దగ్గర ఇంకెవరికేం కావాలో చూస్తోంది.

బొమ్మని నిలిపే ఫిక్సర్ ద్రావణంలో కాగితం వేసే సమయం దాటిపోతోందని కూడా నాకు తెలియలేదు. డెల్ఫీనే తీసి వేసింది.

"బాలేదా మిస్?"

"బాగుంది" అన్నాను.

ప్రదర్శనకి పదిరోజుల ముందు హాస్కెల్ గారు పిలిచారు. ఆయన గదిలోకి వెళితే నన్ను కూర్చోమనలేదు, తను కూర్చోలేదు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు.

"డెనిస్ వచ్చాడు. ఆ బల్ల ఫోటో సంగతి తెలిసి చాలా బాధపడ్డాడు. 'పెళ్ళానికి కుర్చీ కూడా ఇవ్వనివాడినని ఊరంతా అనుకోవాలా?' అన్నాడు. ఇరవైలో ఒకటి తీసేస్తే ఏం పోతుందండీ? పందొమ్మిది కూడా బోలెడు."

"అది ఆ అమ్మాయి సొంత అధ్యయనం. ఏది ఉంచాలో తనే చెప్పాలి."

"పర్యవేక్షించేది మీరే కదా. మెల్లగా నచ్చచెప్పండి. మీకు ఆ ఓర్పు ఉంది. ఎవరితోనూ గొడవ పడే మనిషి కాదు మీరు, అందుకే మీతో ఇంత హాయిగా మాట్లాడగలుగుతున్నాను."

ఆ మాట ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నేను కూడా మెచ్చుకోలుగానే తీసుకున్నాను, అలవాటు మీద. నిజం చెప్పాలి కనక చెబుతున్నాను: గదిలోంచి బయటికొచ్చేసరికి నేను డెల్ఫీన్‌తో ఏమనాలో మనసులో కూర్చుకుంటున్నాను. 'మీ అమ్మ గురించి ఆలోచించు' అని మొదలుపెడదామనుకున్నాను. కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. ఇన్నేళ్ళూ నేను చేసిందదే. ఇరవైలోంచి ఒకటి తీసేయడం. తీసేశాక మిగిలినవాటిని సరిగ్గా సర్ది, ఖాళీ కనబడకుండా చేయడం. అందులో నాకు మంచి నైపుణ్యమే వచ్చింది.

ఇంట్లో చెబితే ఆర్మాండ్ టీవీ మీంచి చూపు తిప్పకుండా, "తీసేయమను. బొమ్మే కదా. డెనిస్ మంచోడు, వాడితో మనకెందుకు?" అన్నాడు.

"వాడు చెడ్డవాడని ఎవరూ అనలేదు."

"మరి ఆ పిల్లకేం కష్టమొచ్చింది?"

మర్నాడు పొద్దున మెమేర్‌కి వీపు రుద్దుతుంటే ఆవిడ అడిగింది, "ఏం బొమ్మే అది, రాత్రి మీరిద్దరూ అనుకుంటున్నారు?" ఆవిడకి చెవులు సరిగా వినబడవని ఇంట్లో అందరి నమ్మకం. చెప్పాను. బల్ల, నవ్వులు, సంచి, పొయ్యి దగ్గర ఆ మనిషి. మగ్గుతో నీళ్ళు పోశాను, తువ్వాలు కప్పాను.

"పదకొండు మందికి వండేదాన్ని" అంది. "బల్ల దగ్గర కూర్చుని తిన్న మొదటి భోజనం నాకిప్పటికీ గుర్తు. మీ మామగారిని పాతిపెట్టి వచ్చిన రోజు. ఎవరో కుర్చీ లాగి కూర్చోబెట్టారు. హ్యాము పెట్టారు, బంగాళాదుంపలు పెట్టారు. ఎంత రుచిగా ఉన్నాయో అమ్మాయ్. నాకు సిగ్గేసింది, ఆ రోజున అంత ఆకలేసినందుకు."

నేను ఆవిడ జుట్టు తుడుస్తూ ఉండిపోయాను. పాతికేళ్ళకి పైగా ఈవిడ నా కూరల్లో ఉప్పు గురించి, నా ఇస్త్రీ గురించి అన్న మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇది మాత్రం ఇంతవరకు చెప్పలేదు. ఎవరూ అడిగి ఉండరు. నేనూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం చీకటి గది తలుపు తట్టి జిసెల్ వచ్చింది. వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తుంది, ఆ పచ్చ ఏప్రన్ మీదే కోటు తొడుక్కుని వచ్చేసింది. మొహం చూడగానే తీసేయమని అడగడానికి వచ్చిందనుకున్నాను. నాకు ఊరట కలిగింది, ఆ సంగతి దాచను. ఆమే అడిగితే నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

"ఓసారి చూపిస్తారా? ఇంట్లో అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు, నేనే చూడలేదు."

తీసి బల్ల మీద పెట్టాను. కోటు బొత్తాలు విప్పకుండానే వంగి చూసింది.

"నేనిలా నిలబడతానా?" అంది. పాదం వైపు వేలు చూపించి, "ఇలా ఒకదాని మీద ఒకటి... మా అమ్మ నిలబడేది ఇలా" అంది. ఇంకాసేపు చూసింది. "ఆయన చెడ్డవాడు కాదండీ."

"ఫోటోలో కూడా చెడ్డవాడు కాదు."

"అదే కదా. ఏ అరుస్తున్నట్టో పడి ఉంటే, ఆ ఒక్కరోజు అలా జరిగిందని చెప్పుకునేవాడు. ఇందులో ఏం చెప్పుకుంటాడు? రోజూ ఇంతే." చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది. "సంచి తీసి కింద పెట్టమని నేనూ ఎప్పుడూ అనలేదు. ఎందుకనలేదో ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను."

"జిసెల్ గారూ, మీరు వద్దంటే తీసేస్తాం. ఇంట్లో మీకు ఇబ్బంది..."

"ఇంటి సంగతి నేను చూసుకుంటాను. ఇది ఉండనీయండి." అని, వెళ్ళబోతూ ఆగింది. "ఇది మీ భోజనం టైమట కదా. పిల్ల చెప్పింది. ఏడాది పొడుగునా ఈ టైములోనే వచ్చిందట. మరి మీరెప్పుడు తింటారు?"

పదకొండేళ్ళలో నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఏదో సరదాగా జవాబు చెబుదామని నోరు తెరిచాను. "పిల్లలు ప్రింట్లు చేసుకుంటుంటే, ఇక్కడే, సింకు దగ్గర..." అంటూ ఆగిపోయాను. జిసెల్ సింకు వైపు చూసింది. దాని పక్కన కాగితంలో సగం కొరికిన నా రొట్టె ఉంది. తరవాత నా కాళ్ళ వైపు చూసింది. మూలనున్న స్టూలు తెచ్చి నా ముందు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఇరవై ఫోటోలూ పెట్టాం. హాస్కెల్ గారు రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. డెనిస్ ప్రదర్శనకి వచ్చాడు. ఆ ఫోటో ముందు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఎవరో వెనకనుంచి భుజం తట్టి "కోచ్, ఫోటోలో భలే పడ్డావయ్యా" అంటే నవ్వబోయి, నవ్వలేక, మళ్ళీ ఫోటో వైపే తిరిగాడు. కూతురిని దగ్గరికి పిలిచి, "ఇది ఎప్పుడు తీశావు?" అని అడిగాడు.

"గుర్తులేదు నాన్నా. ఏ రోజైనా కావచ్చు."

ఆయన తల ఊపాడు. ఇంటికెళ్ళాక ఏమైందో నాకు తెలియదు. తెలిసినంతవరకే చెబుతున్నాను.

జూన్ మొదట్లో హాస్కెల్ గారు మళ్ళీ పిలిచారు. ఈసారి సంతోషంగా ఉన్నారు, కూర్చోమన్నారు. చేతిలో దరఖాస్తులు. "అయిదుగురు! వచ్చే ఏడాది స్వతంత్ర అధ్యయనానికి అయిదుగురు అమ్మాయిలు అడిగారు. చూశారా, మీ పేరు ఎలా పాకిపోయిందో. రోజుకొకరిని చూసుకుంటే సరిపోతుంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా."

"టైమ్‌టేబుల్లో ఒక పీరియడ్ ఇవ్వండి, అయిదుగురినీ కలిపి తీసుకుంటాను" అన్నాను.

"పీరియడ్ ఎక్కడిదండీ? అంతా నిండిపోయింది."

"అయితే నేను చేయను."

ఇంత చిన్న మాట. అనేశాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అలసటగానే ఉంది, కానీ అలసటని మొదటిసారి ఉన్నదున్నట్టు బయటికి అన్నాను, అంతే.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మీరు ఇలా మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. సరే, నా సంగతి వదిలేయండి. ఈ పిల్లలకేం చెప్పమంటారు? ఎంత ఆశగా రాశారో చూడండి. ఈ మాట వాళ్ళకి ఎవరు చెబుతారు?"

"వాళ్ళు ముందు నా దగ్గరికే వచ్చారు. పీరియడ్ ఇవ్వకపోతే చేయనని నిన్ననే చెప్పాను" అన్నాను, లేస్తూ. "ఆ పీరియడ్ అడగడానికి వచ్చే సోమవారం స్కూల్ కమిటీ మీటింగుకి వాళ్ళ అమ్మలు వస్తున్నారు. అందరినీ కూడగట్టింది జిసెల్ విలెట్, తనూ వస్తోంది. ముందు వరసలో ఆరు కుర్చీలు వేయించండి."