మధ్యలో రెండు పేజీలు

ఆ నాటకం ఆడినన్నాళ్లూ తెర వెనక ఎవరూ "సెలవు" అన్న మాట పలికేవారు కాదు. ఒంట్లో బాగోకపోతే "రేపు రాను" అనేవారు. ఇంటికి వెళ్లేటప్పుడు "వస్తా" అనేవారు. కొత్తగా చేరిన మేకప్ ఆవిడ ఒకసారి మేనేజరు దగ్గర నిలబడి "రెండు రోజులు సెలవు కావాలండీ" అనేసరికి పక్కనున్నవాళ్లు ఆవిడ నోరు మూసినంత పని చేశారు.

అందులో మూఢనమ్మకం ఏమీ లేదు. చివరి రంగంలో జడ్జిగారు ఉరికంబం ముందు నిలబడి కొడుకుతో ఆఖరి మాటలు మాట్లాడతాడు. వాటి చివర "నాయనా, ఇక సెలవు" అంటాడు. నల్లతెర వెనక గోడవారగా కూర్చునే తాళ్ల బాబాయికి స్టేజీ కనపడదు. ఆ మాట చెవిన పడగానే చేతి కింది కడ్డీ లాగుతాడు. కొడుకు కాళ్ల కింది పలక రెండుగా విడిపోతుంది. చొక్కా లోపల నడుముకి కట్టిన పట్టాకి కొక్కెం తగిలించి ఉంటుంది కాబట్టి అతను మూడడుగులు జారి ఆగిపోతాడు. దీపాలు ఆరిపోతాయి. హాల్లో ముక్కులు ఎగబీల్చే చప్పుడు మొదలవుతుంది. ఆ కొక్కెం తగిలించడానికి తలారి వేషగాడికి దొరికే వ్యవధల్లా జడ్జిగారు మాట్లాడే ఆ రెండు పేజీలే.

పంతొమ్మిదేళ్లుగా ఆ రెండు పేజీలూ ఒక్కరే మాట్లాడుతున్నారు. కొడుకు చేసిన హత్యను కిటికీలోంచి చూసి, తను తప్ప వేరే సాక్షి లేడని తెలిసీ, న్యాయమూర్తి కుర్చీ దిగి బోనెక్కే తండ్రి వేషం ఆయనది. ఆ వేషం ఒంటికి అతుక్కుపోయి బయట కూడా జడ్జిగారే అయిపోయాడు. పాలవాడికీ జడ్జిగారే, పళ్ల డాక్టరుకీ జడ్జిగారే. ఆయన్ని అన్నయ్యా అని పిలిచే మనిషి ఒక్కతే మిగిలింది. చెల్లెలు. వదిన పోయాక, అప్పటికే భర్త లేని తన ఇంటికి తాళం వేసి, ఆయన దగ్గరికి వచ్చేసింది. నాటకంలో ఆమె పని పక్క తెర చాటున స్టూలు మీద కూర్చుని, కాపీ ఒళ్లో పెట్టుకుని, మాట మరిచినవాళ్లకి మాట అందించడం. కొడుకు వేషగాడు స్టేజీ మీద జడ్జిగారిని నాన్నగారూ అంటాడు కాబట్టి, కింద ఆమెను అత్తా అని పిలిచేవాడు. అతనికి నలభై దాటాయి. ముందు వరసలో కూర్చున్నవాళ్లకి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఏడాది కిందట ఆమె తన స్టూలును రెండో తెర నుంచి మొదటి తెర దగ్గరికి జరుపుకుంది. చూపు ఆనడం లేదు, ఇక్కడ వెలుతురు బాగుంటుంది అని మేనేజరుకి చెప్పింది. వెలుతురు రెండుచోట్లా ఒకటే, మొదటి తెర అన్నయ్యకి దగ్గర. అన్నయ్యకి మాటలు జారిపోతున్నాయి. మొదట్లో రంగానికి ఒకటి, తర్వాత పేజీకి ఒకటి, ఈమధ్య ప్రతి వాక్యానికీ ఎత్తుగడ ఆమే అందించాలి. మొదటి రెండు ముక్కలు చెవిన వేస్తే చాలు, మిగతాది ఆ గొంతు తనంతట తనే లాక్కునిపోయేది. చూసేవాళ్లు ఆ ఆగడం కూడా నటన అనుకున్నారు. "ఈ మధ్య జడ్జిగారి మౌనాలు చూశారా, పిండేస్తున్నాడు" అని ఒకాయన హాలు మెట్ల మీద అంటుంటే విని, ఆమె చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగిపోయింది.

ఒక మధ్యాహ్నం రిహార్సల్లో జరిగింది ఇది. మరో పన్నెండు రోజుల్లో ప్రదర్శన. ఆమె అయిదింటికి లేచింది. ఆయన చొక్కా గుండీలు పెట్టి, కళ్లజోడు వెతికి, తిన్నావు అన్నయ్యా, ఇందాకే తిన్నావు అని మూడుసార్లు చెప్పి, రెండు బస్సులు మారి తీసుకొచ్చింది. చివరి రంగానికి వచ్చేసరికి నడుము తన మాట వినడం మానేసింది. డప్పుల రికార్డు మొదలైంది. కొడుకు ముఖానికి, చెవులు కూడా మూసుకుపోయేలా, ముసుగు తొడిగారు. జడ్జిగారు మొదటి వాక్యం చెప్పి, రెండోదాని కోసం తెర వైపు చూశాడు.

ఆమె కళ్లు మూతపడి ఉన్నాయి. ఎంతసేపో కాదు. డప్పు నాలుగు దెబ్బలు పడేంతసేపు. తెరిచేసరికి అన్నయ్య ముఖం ఆమె వైపే ఉంది, నడిబజార్లో చెయ్యి వదిలేసిన పిల్లాడి ముఖంలా. ఆమె నోరు తెరిచేలోపే ఆయన కొడుకు వైపు తిరిగాడు. నాటకం మొత్తంలో ఎవరూ మరిచిపోలేని మాట, ఎవరూ నోరు జారకుండా అందరూ కాపలా కాసిన మాట, అదొక్కటే ఆయనకి మిగిలినట్టుంది.

"నాయనా, ఇక సెలవు."

పలక విడిపోయింది. కొక్కెం ఇంకా తలారి చేతిలోనే ఉంది.

కొడుకు వేషగాడి కుడికాలి చీలమండ విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. కింద పాత పరుపులు ఉండబట్టి కాలితో పోయింది అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చాక అన్నయ్య పళ్లెం ముందు కూర్చుని తల ఊపాడు. "పాపం, బాబాయికి చెవులు పోయాయే. నేనింకా రెండో వాక్యంలో ఉన్నాను, లాగేశాడు. ముసలాడైపోయాడు. రేపు మేనేజరుతో నేను మాట్లాడనా? ఏదన్నా కూర్చునే పని ఇమ్మని?"

"తిను అన్నయ్యా" అంది ఆమె.

ఆయన అబద్ధం ఆడటం లేదు. ఆమె బాధల్లా అదే. అబద్ధమాడేవాడైతే కాస్త కోపమైనా తెచ్చుకునేది.

మర్నాడు పదకొండు గంటలకి మేనేజరు అందరినీ తన గదిలోకి పిలిచాడు. హాలు యజమానులు తప్పెవరిదో కాగితం మీద రాసిమ్మన్నారట. బల్ల మీద తెల్లకాగితం, మూత తీసిన పెన్ను ఉన్నాయి. తాళ్ల బాబాయి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. హాలు వెనక గదిలో కాపురం ఆయనది. ఉద్యోగం పోతే గది కూడా పోతుంది. ఆ సంగతి గదిలో ఉన్న అందరికీ తెలుసు, ఎవరూ అటు చూడలేదు.

"బాబాయ్, నువ్వేమంటావ్?" అన్నాడు మేనేజరు.

"వినపడింది, లాగాను."

"జడ్జిగారు అనలేదంటున్నారు కదా?"

"ఆయన అనలేదంటే అనలేదేమో బాబూ. నాకైతే వినపడింది." బాబాయి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి, మళ్లీ తీశాడు. "పంతొమ్మిదేళ్లలో వినపడకుండా ఎప్పుడూ లాగలేదు."

మేనేజరు తలారి వేషగాడి వైపు తిరిగాడు. జడ్జి వేషం పన్నెండేళ్ల కిందటే కంఠతా పట్టి దానికోసం కాచుకు కూర్చున్నాడని అతన్ని అంతా వెయిటింగ్ లిస్టు అంటారు. బెర్తు కన్‌ఫర్మ్ అయిందా అని అడిగితే, "ఆయన దిగితే కదండీ, కిటికీ పక్క సీటు మరి" అని తనమీద తనే జోకేసుకునేవాడు.

"నువ్వు పక్కనే ఉన్నావుగా?"

"నా ధ్యాసంతా కొక్కెం మీదుందండీ" అన్నాడతను నేల చూస్తూ. చెవుల దాకా ఎర్రబడ్డాడు. విన్నాడని ఆమెకి అర్థమైంది. విన్నానంటే వేషం కోసం అన్నాడంటారు. అతనికి నోరు లేకుండా చేసింది ఆ పన్నెండేళ్లే.

"ఇంక అడిగేదేముంది?" అన్నాడు జడ్జిగారు. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, బోనులో నిలబడేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే. "పంతొమ్మిదేళ్లుగా రెండు పేజీలూ పొల్లు పోకుండా చెబుతున్నాను. బాబాయి మీద నాకేం కోపం లేదు. వయసు. రాయండి, కానీ మనిషిని వీధిలోకి పంపకండి."

మేనేజరు పెన్ను తీసుకున్నాడు. రాయబోతూ, ఏదో లాంఛనం తీర్చినట్టు, "కాపీ మీ చేతిలో ఉంది కదక్కా. మీరు కూడా అంతేగా?" అన్నాడు.

అంతే అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆమె రాత్రంతా ఆ మాటే నోట్లో పెట్టుకుని చూసుకుంది. అన్నయ్యకి ఈ వేషం తప్ప ఏముంది? పొద్దున లేచి గడ్డం గీసుకోవడానికి అదే కారణం. ఆయన్ని దింపేస్తే మనిషి ఏమైపోతాడో ఆమెకి తెలుసు. తాళ్ల బాబాయికి ఎవరో ఒకరు ఎక్కడో ఒక గది చూడకపోరు. ఈ లెక్క తెల్లవారుజామున బాగానే కుదిరింది. ఇప్పుడు గుమ్మం దగ్గర ఆయన చేతులు జేబుల్లోకీ బయటికీ తిరుగుతుంటే కుదరడం లేదు.

"కాదండీ" అంది.

మేనేజరు పెన్ను ఆగింది.

"అన్నయ్య ఆ మాట అన్నాడు. మొదటి వాక్యం తర్వాత వెంటనే అన్నాడు. మధ్యలో రెండు పేజీలూ లేవు. బాబాయి సరిగ్గానే విన్నాడు."

"ఏంటే నువ్వనేది?" అన్నాడు జడ్జిగారు.

ఆమె ఆయన వైపు చూడకుండానే చెప్పింది. చూస్తే సగంలో ఆగిపోతానని భయం. "ఇంకోటి కూడా రాయండి. ఏడాదిగా అన్నయ్యకి ప్రతి వాక్యం నేనే అందిస్తున్నాను. మీకు చెప్పలేదు. వెలుతురు కోసమని స్టూలు జరిపింది అబద్ధం. నిన్న ఆయన నావైపు చూసినప్పుడు నా కళ్లు మూతపడి ఉన్నాయి. మాట అందలేదు. తప్పు ఎవరిదంటే, ముందు నాది."

తాళ్ల బాబాయి "ఎందుకమ్మాయ్, ఇదంతా" అని గొణిగాడు, తనే ఏదో నేరం చేసినట్టు.

జడ్జిగారు లేచాడు. ఆ గొంతు హాలు ఆఖరి వరస దాకా వెళ్లే గొంతు, చిన్న గదిలో పట్టలేదు. "నాకు మాటలు నువ్వందిస్తున్నావా? పంతొమ్మిదేళ్ల వేషానికి? వీళ్లు విరగబడి చప్పట్లు కొట్టింది నీ గుసగుసలకా? నా ఉప్పు... నా ఇంట్లో ఉండి, నా పరువు..." వాక్యం ఎటు వెళ్లాలో తెలియక ఆగాడు. అలవాటు కొద్దీ ఆమె వైపు చూశాడు. అందరూ చూశారు, ఆయన అలా చూడటం. వెయిటింగ్ లిస్టు కిటికీ వైపు తిరిగిపోయాడు. ఇక ఎవరికీ ఏ సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

మేనేజరు కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. బాబాయిని వెళ్లి పని చూసుకోమన్నాడు. కొడుకు, తలారి వేషాలకి వేరేవాళ్లను చూస్తానని, జడ్జి వేషం వెయిటింగ్ లిస్టుకి ఇచ్చాడు. అతను తల వంచుకుని సరేనన్నాడు, తర్వాత వరండాలో ఆమె దగ్గరికొచ్చి నీళ్లు నమిలాడు. "అక్కా, నేను చెప్పాల్సింది."

"నువ్వు చెబితే ఎవరు నమ్ముతారు నాయనా. పోనీలే."

"మీరు మాత్రం రండి. నాకు అందించక్కర్లేదనుకోండి, అయినా..."

"అందించక్కర్లేని చోట నేనేం చేస్తాను?" అంది. మేనేజరు కూడా అదే మాట కాస్త మర్యాదగా అప్పటికే చెప్పాడు. కాపీ వెయిటింగ్ లిస్టు చేతిలో పెట్టేసింది. పేజీల అంచులు ఆమె వేలి ముద్రలతో నల్లబడి ఉన్నాయి.

బస్సులో అన్నయ్య ఆమె పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పక్కన కూర్చున్నాడు. ఇంటికొచ్చాక తలుపు వేసుకున్నాడు. పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది. ఆమె వంటగది తుడిచి, తుడిచిన బండే మళ్లీ తుడిచి, పడుకుంది. ఏడుపు వస్తుందేమో అని చూసింది. అంత ఓపిక లేదు.

పొద్దున ఆరున్నరకి ఆమె లేచి వచ్చేసరికి ముందుగదిలో అన్నయ్య తయారై కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, చెవి దగ్గర సబ్బు నురగ ఆరిపోయి ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. బూట్లు కూడా వేసుకున్నాడు.

"ఏంటే ఇంత ఆలస్యం? పదింటికి రిహార్సల్. కాపీ సంచిలో పెట్టావా?"

ముఖంలో నిన్నటి కోపం వెతికింది. లేదు. దాచుకున్నట్టు కూడా లేదు. నిన్న అనేది ఆయన దగ్గర లేదు.

ఆమె గోడకి చెయ్యి ఆనించింది. ఇవాళ రిహార్సల్ లేదు అన్నయ్యా, రేపట అని చెప్పొచ్చు. రేపు కూడా అదే చెప్పొచ్చు. దానివల్ల ఎవరి గదీ పోదు, ఎవరి కాలూ విరగదు. ఆ మాట పెదవుల దాకా వచ్చింది కూడా. కానీ అలా చెబితే ఆయన రోజూ ఇలాగే తయారవుతాడు, బూట్లేసుకుని కూర్చుంటాడు. ఎదురుచూస్తూనే ఉంటాడు. పక్క తెర చాటున ఏడాది పాటు ఆమె చేసింది అదే.

వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. "అన్నయ్యా, నిన్ను ఆ వేషంలోంచి తీసేశారు. నీకు మాటలు గుర్తుండటం లేదు. ఆ రోజు ముందే సెలవు అనేశావు. కొడుకు వేషం అతను పడిపోయాడు, కాలు విరిగింది."

ఆయన చెవి దగ్గర ఆరిన నురగ తుడుచుకున్నాడు. "ఎవరు చెప్పారు మేనేజరుకి?"

"నేనే."

ఆమె తల వంచుకుని కూర్చుంది. నిన్నటి గొంతు కోసం, అదే వాక్యం కోసం. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి కొడుతూనే ఉన్నారు, అది అందుకోవడం లేదు.

"కడ్డీ దగ్గర బాబాయి ఉంటాడు కదా" అన్నాడాయన చివరికి. "ఆయన్నేమన్నా అన్నారా?"

"మొదట అన్నారు. ఇప్పుడు లేదు. పనిలోనే ఉన్నాడు."

"అయితే సరే" అన్నాడు. ఆ మాట స్టేజీ మీది గొంతుతో అనలేదు. వంగి బూట్ల లేసులు విప్పుకోబోయాడు, ముడి చిక్కుబడింది. ఆమె ఆయన చేతులు తప్పించి, తనే విప్పసాగింది.

రేపు పొద్దున మళ్లీ చెప్పాలి. రేపు ఆయన ఏమంటాడో తెలియదు. రెండో బూటు ముడి ఇంకా బిగుసుకుని ఉంది. గోళ్లతో రావడం లేదని పంటితో పట్టి లాగింది.