ముడుచుకోని చెయ్యి

పొద్దున్నే పాల ప్యాకెట్టు పళ్ళతో చింపుకోవడం దర్జీ ఆవిడకి ఏడాదిగా అలవాటైపోయింది. ఆవిడ కుడి చెయ్యి వెల్లకిలా తెరుచుకుని ఉంటుంది, వేళ్ళు ముడుచుకోవు. ఎడమ చేత్తోనే పాలు పొయ్యి మీద పెట్టి, కూతుర్ని లేపి, కొట్టు తలుపులు తీస్తుంది. కూతురు బడికి వెళ్ళేలోగా ఆ రోజుకి కావలసిన గుడ్డలన్నీ కత్తిరించి పెడుతుంది. ఆపైన తల్లి ఎడమ చేత్తో గుడ్డ తోసుకుంటూ సాయంత్రం దాకా మిషను తొక్కుతుంది. కుట్టు వంకరపోయిన చోట ఊడదీసి మళ్ళీ కుడుతుంది.

ఆ చెయ్యి అలా అయింది గుట్ట మీది బోర్డింగ్ స్కూలు పుణ్యాన. ఎక్కడెక్కడి డబ్బున్నవాళ్ళ పిల్లలో వచ్చి అక్కడ ఉండి చదువుకుంటారు. మీవల్ల ఈ ఊరికేం ఉపయోగమని సర్కారు ఏటా అడుగుతుంది. ఉపయోగం చూపిస్తే పన్ను మాఫీ. అందుకని స్కూలువాళ్ళు ఏటా ఊరికి ఏదో ఒకటి పంచి, ఫొటోలు తీసి, వాటితో ఓ రంగుల పుస్తకం వేస్తారు. అలా వాళ్ళ చేతి కింద చెయ్యి పెట్టి పుచ్చుకున్నవాళ్ళకి ఆ చెయ్యి తెరుచుకుని ఉండిపోతుంది. గొడుగైతే వారం, దుప్పటైతే నెల. ఊళ్ళో ఇది ఎవరికీ వింత కాదు, వానాకాలం జలుబు లాంటిదే. "ఏం, గొడుగా?" అని అడుగుతారు. "కాదు, దుప్పటి" అంటారు. అడిగినవాళ్ళు ఆ మనిషి చొక్కా గుండీలు పెట్టేసి తమ దారిన తాము పోతారు.

సెలూన్ అతనికి ఓసారి కొత్త కత్తెరల పెట్టె ఇచ్చారు. దాంతో ఆర్నెల్లు సెలూన్ మూతపడింది. అతని ఫొటో మాత్రం పుస్తకం అట్ట మీద బ్రహ్మాండంగా వచ్చింది.

దర్జీ ఆవిడకి కుట్టుమిషను ఇచ్చారు. ఇంట్లో మిషను నిక్షేపంలా నడుస్తుంటే ఇంకొకటి ఎందుకంటే, ఉపాధి కల్పన పేజీకి ఓ ఆడమనిషి కావాలన్నారు. కాదంటే బాగుండదని ఒప్పుకుంది. మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అనలేదు. మిషను బరువని దాని కార్డు చేతిలో పెట్టారు. ఫొటో సరిగ్గా రాలేదంటూ స్కూలు డైరెక్టరుగారు అదే కార్డు మళ్ళీ మళ్ళీ ఇచ్చారు. కొత్త మిషను అప్పట్నుంచీ దుప్పటి కప్పుకుని మూల కూర్చుంది.

ఓ సాయంత్రం స్కూలు గుమాస్తా కొట్టు మెట్లెక్కాడు. ఊరి పిల్లలకని పెట్టిన ఉచిత సీటులో చదివిన మొదటివాడు అతనే. చెంపలు నెరిశాయిగానీ కుడి చెయ్యి ఇంకా ముడుచుకోలేదు. దాని మీదే ఫైళ్ళూ కాఫీ కప్పులూ మోస్తాడు.

"అక్కా, స్వీట్లు పంచు. ఉచిత సీటు పరీక్షలో మీ అమ్మాయే ఫస్టు."

ఆవిడ నవ్వబోయి, అతని చెయ్యి చూసి ఆగిపోయింది.

"సీటుకి ఎన్నాళ్ళుంటుంది తమ్ముడూ?"

"ఏంటక్కా?"

"చెయ్యి."

"నాకైతే ఇంకా ఇలాగే ఉంది. అదో లెక్కా? ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నా. చదువు ముఖ్యం కదా," అన్నాడు హాయిగా.

అతను వెళ్ళాక ఆవిడ కూతురితో ఆ సీటు వద్దని చెప్పేసింది.

"అక్కడ మైక్రోస్కోపులున్నాయమ్మా. ఓసారి మమ్మల్ని తీసుకెళ్ళి ఉల్లిపొర చూపించారు. గదులు గదులుగా ఉంది. మా బడిలో మైక్రోస్కోపు బొమ్మే ఉంది."

"చూసింది ఏ చేత్తో రాస్తావే? నా చెయ్యి పోయింది చాలదూ?"

"పరీక్ష నేను రాశాను, సీటు నేను తెచ్చుకున్నాను. మధ్యలో వాళ్ళు ఇచ్చేదేముంది?" అంది కూతురు.

చివరికి తల్లి ఒప్పుకుంది. భయం మాత్రం అలాగే ఉంది.

పంచే రోజు ఊరివాళ్ళని ఫొటోలో పడేట్టు ముందు వరసల్లో కూర్చోబెట్టారు. ఓ ముసలాయనకి కళ్ళజోడు ఇచ్చారు, అది పక్కవాళ్ళు పెట్టాల్సొచ్చింది. సర్కారు మనిషి చప్పట్లు కొట్టాడు. "ఈ ఊరంతా మా కుటుంబమే," అన్నారు డైరెక్టరుగారు. ఏ ఇంట్లో అన్నం పెట్టి ఫొటో తీసుకుంటారో దర్జీ ఆవిడకి తెలీలేదు. లేచి కూతుర్ని లాక్కుపోదామనుకునేలోగా పిల్లని పిలిచారు.

పిల్ల వేదికెక్కి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"చెయ్యి పట్టమ్మా," అన్నారు డైరెక్టరుగారు సీటు కాగితం అందిస్తూ.

పట్టలేదు. ఆయన నవ్వు చెదరకుండా మళ్ళీ అన్నారు. ఊహూఁ. ఫొటో అతను కెమెరా కంటికి ఆనించుకుని అలాగే ఉన్నాడు. చివరికి ఆయన మొండికేసిన మేకకి ఆకు చూపించినట్టు కాగితం అరచేతిలో పెట్టుకుని ముందుకి చాచారు. అప్పుడు పిల్ల చెయ్యి తీసి, బల్ల మీద తన పుస్తకం తాను తీసుకున్నట్టు పైనుంచి తీసుకుంది. కెమెరా టక్కుమంది. పిల్ల ఆ కాగితాన్ని శుభ్రంగా మడతపెట్టింది.

డైరెక్టరుగారి చెయ్యి చాచింది చాచినట్టే ఉండిపోయింది.

"ఏం, సీటా?" అని వెనక వరసలోంచి ఎవరో అలవాటుగా అడిగారు.

"ఆఁ, సీటే," అన్నారు ఇంకెవరో.

తల్లీకూతుళ్ళని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళారు. కాగితం మీద డైరెక్టరుగారి సంతకం పడితేగానీ సీటు సీటు కాదు. ఆయనకైతే చించి పారేయాలనే ఉంది. కానీ ఉచిత సీటు లేకపోతే పన్ను మాఫీ ఉండదు, సర్కారు మనిషి వరండాలోనే కాఫీ తాగుతున్నాడు. కలం వేళ్ళ మధ్య పెడితే జారిపోయింది. ఎడమ చేత్తో గీస్తే కోడి కెలికినట్టొచ్చింది.

"సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయొచ్చు సార్. రూలుంది. సంతకం చేసే చేతిదే పడాలి," అన్నాడు గుమాస్తా మెల్లిగా.

ఆ మాటకి డైరెక్టరుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. బొటనవేలికి సిరా అంటించారుగానీ చెయ్యి వెల్లకిలా ఉందాయె, కాగితం మీదికి తిరగదు. ఎవరో ఒకరు పట్టి తిప్పాలి. దర్జీ ఆవిడ ఎడమ చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. చెమటతో మెత్తగా, రాత్రంతా నీళ్ళలో నానిన రొట్టెలా తగిలింది. ఒళ్ళు జలదరించినా వదల్లేదు. బలవంతాన తిప్పి, బొటనవేలిని కాగితం మీద గట్టిగా అదిమింది.

నొప్పితో మూలుగుతూ కూడా ఆయన నోరు ఊరుకోలేదు. "చూడమ్మా, మా స్కూలు మీ కుటుంబానికి ఇచ్చిన ఈ అవకాశం..."

"ఇవ్వలేదండీ," అంది ఆవిడ. "వేయించుకున్నాం."

సిరా ఆరాక కూతురు కాగితం తీసుకుంది. గుట్ట దిగేదాకా తల్లి ఎడమ చెయ్యి బట్టకేసి తుడుచుకుంటూనే ఉంది.