నీళ్ళ కూత

పైపు మూతిని ట్యాంకు నోట్లో పెట్టి, జారిపోకుండా పాత తువ్వాలు చుట్టి, ఏబేలు బండి వెనక నిచ్చెన మెట్టు మీదే కూర్చున్నాడు. సంపులోంచి వచ్చే సాగర్ నీళ్ళు పొద్దున పూట బాగానే దూకుతాయి. ఎండెక్కేకొద్దీ సన్నబడి చివరికి ఉమ్మేసినట్టు వస్తాయి. అందుకే డ్యూటీ ఎక్కగానే అతను చేసే మొదటి పని ఫైరింజను ట్యాంకు నింపుకోవడం. పైన మూత దగ్గర నీళ్ళు తొణికి, ఎర్ర రంగు మీద చారలుగా జారితే తప్ప అతనికి టీ గొంతు దిగదు.

పొట్టి మనిషి. భుజాలు వెడల్పు. కుడి ముంజేతి మీద మోచేతి దాకా కాలిన పాత మచ్చ, అక్కడ వెంట్రుక మొలవదు. పళ్ళ మీద గోధుమరంగు గార. అది ఆ పక్క ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళందరికీ ఉండేదే. నవ్వితే పళ్ళు కనిపిస్తాయని చిన్నప్పుడు పెదవులు మూసుకుని నవ్వడం అలవాటు చేసుకున్నాడు, ఇప్పటికీ అంతే. డ్రైవరు ఉద్యోగం వచ్చిన రోజున కూడా అట్లాగే నవ్వాడట.

మార్కాపురం నుంచి పుల్లలచెరువు వైపు పోయే దారిలో ఉన్న ఆ చిన్న ఫైర్ స్టేషను సంగతి చెప్తే ముందు నవ్వొస్తుంది, తర్వాత ఒళ్ళు మండుతుంది. షెడ్డు మార్కెట్ కమిటీది. నీళ్ళు పంచాయతీవి. డీజిలు జిల్లా ఆఫీసు లెక్కలోది. మనుషులు సర్కారు మనుషులు. రేకు ఎగిరిపోయిందయ్యా అంటే కమిటీవాళ్ళు డిపార్టుమెంటును అడగమంటారు, డిపార్టుమెంటేమో బిల్డింగు మాది కాదు గదా అంటుంది. ఎవరింట్లోనో పెళ్ళి, పందిరి ముందు దుమ్ము అణగ్గొట్టాలి అన్నప్పుడు మాత్రం బండి అందరిదీ అయిపోతుంది! అప్పుడు ఫోను మీద ఫోను. కాదంటే ఫిర్యాదు. ఇంతమంది యజమానులున్న ఆ బండికి చక్రాల్లో గాలి చూసేవాడు, నీళ్ళు పట్టేవాడు, రాత్రి దాని పక్కనే మంచం వేసుకు పడుకునేవాడు ఏబేలు ఒక్కడే.

"ఏబేలన్నా, ఒకసారి కిందికి దిగు."

ఆఫీసరు మురళీకృష్ణ. కోస్తా వైపు నుంచి వచ్చినవాడు, చెడ్డవాడేం కాదు. ఎండకి ఇంకా అలవాటుపడక ఎప్పుడూ మెడ చుట్టూ తడిగుడ్డ వేసుకుని ఉంటాడు.

"మళ్ళీ ఫిర్యాదు వెళ్ళింది. బండి నీళ్ళు ఊళ్ళో పోస్తున్నామని. పైవాళ్ళు ఈసారి గట్టిగానే అడిగారు. ఇంకోసారి దొరికితే నేను అడ్డం పడలేను, చెప్తున్నా."

"మిగిలిన నీళ్ళు గదా సార్. తిరిగొచ్చినాక ఎట్లాగూ మళ్ళీ పట్టుకుంటాం."

"దార్లో ఇంకో కాల్ వస్తే?"

ఏబేలు తువ్వాలు పిండి భుజాన వేసుకున్నాడు. ఇన్నేళ్ళుగా అట్లా జరగలేదు, అందుకని జరగదనుకున్నాడు. అంతే తప్ప ఆలోచించి చేసిన పని కాదు. ఉద్యోగం పోతే కూతురు హెప్సిబా నర్సింగు చదువు ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. ఆ పిల్ల తెల్లకోటు వేసుకుని పంపిన ఫొటో అతని ఫోనులో మొట్టమొదట కనిపించేది.

"సరే సార్, ఇంక పొయ్యను," అన్నాడు. కానీ అది అన్నంత తేలిక కాదు.

ఎందుకంటే అవతల గుట్టకిందపల్లె ఉంది. నాలుగేళ్ళ కిందట ఎక్కడో గడ్డివాము ఆర్పి వస్తుంటే, ఆ ఊరి చర్చి మలుపులో మగ్దలీనమ్మ కనిపించింది. ఏబేలు తల్లితో కలిసి కూలికి పోయిన మనిషి. రాని ట్యాంకరు కోసం ఖాళీ బిందె పక్కన పెట్టుకుని ఎండలో కూర్చుని ఉంది. ఏబేలు తల్లి కూడా అట్లాగే మోసింది నీళ్ళు. మోసీ మోసీ, ఆ పాడు బోరు నీళ్ళే తాగీ తాగీ, నడుము వంగిపోయి, చివరికి నేలనే చూస్తూ పోయింది. శవపేటికలో ఆమెను సాపుగా పడుకోబెట్టలేకపోయారు. అది కళ్ళ ముందు మెదిలి ఏబేలు బండి ఆపాడు. ట్యాంకులో మిగిలినవి మగ్దలీనమ్మ బిందెలోకి వదిలాడు. సందులోంచి ఇంకో బిందె వచ్చింది, తర్వాత ఇంకోటి. ఆరోజు ఊరంతా అతన్ని దీవించింది.

అప్పటినుంచి ఎక్కడ మంట ఆర్పినా, తిరుగుదారిలో నీళ్ళు మిగిలుంటే బండి గుట్టకిందపల్లె మీదుగా తిప్పేవాడు. పొలాల్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడాలని చర్చి మలుపు ఇవతలే సైరన్ వేసేవాడు. కూత వినగానే ఆడవాళ్ళు చేతిలో పని వదిలి బిందెలు తెచ్చి సందులో వరసగా పెట్టేవాళ్ళు. పేరు కూడా పెట్టుకున్నారు, నీళ్ళ కూత అని.

ఎండ నడినెత్తి మీదికి వచ్చేసరికి ఫోను మోగింది. మురళీకృష్ణ స్పీకరు నొక్కాడు. ఆడపిల్ల గొంతు, రొప్పుతోంది.

"సార్, నేను శిల్పను, కొండయ్యగారి కోడల్ని. గుట్టకిందపల్లె దాటినాక మా కొట్టం సార్! జొన్నచొప్ప అంటుకుండాది. కొట్టం మీదికి వస్తాండాది. మా మామ ఎద్దుల్ని ఇప్పను పోయినాడు. తొందరగా రాండి సార్, మీకు దండం పెడతా!"

మాట పూర్తయ్యేలోపలే ఏబేలు సీట్లో ఉన్నాడు. హోసు పట్టే జాన్సను వెనక ఎక్కాడు, ఆఫీసరు పక్కన కూర్చున్నాడు. కొండయ్యను ఏబేలు ఎరుగును. సొంత పొలం, జత ఎద్దులు, సంతలో కనిపిస్తే బండి బాగుండాదా అని అడిగేవాడు. ట్రాక్టరు కొనుక్కోమని కొడుకు ఎంత పోరినా ఎద్దుల్ని అమ్మని మొండిమనిషి.

బండి నిండుగా ఉంది. నిండు బండిని గతుకుల్లో తోలడం మాటలు కాదు, మలుపులో నీళ్ళు ఒక పక్కకి ఒరిగి బండిని తమతో లాగుతాయి. స్టీరింగు మీద ఏబేలు చేతులు చెమటకి జారుతున్నాయి. "ఇంకొంచెం స్పీడు," అన్నాడు మురళీకృష్ణ. "ఇంతకన్నా తోలితే బోర్లా పడతాం సార్," అన్నాడు ఏబేలు. సైరన్ దారి పొడుగునా అరుస్తూనే ఉంది. గొర్రెలు పక్కకి చెదిరాయి. ఒక ఆటో చేలోకి దిగిపోయింది. గుట్ట అవతల సన్నగా నల్లటి పొగ లేచింది. చేలల్లో మోళ్ళు తగలబెట్టే కాలం, ఆ పొగను వింతగా చూసేవాళ్ళు లేరు.

చర్చి గోపురం కనపడగానే ఏబేలుకి ఒక్కసారిగా గుర్తొచ్చింది.

కూత!

చెయ్యి చాచి సైరన్ ఆపేశాడు. అప్పటికే ఆలస్యమైంది.

మలుపు తిరిగేసరికి సందంతా బిందెలే. ఎరుపు, పచ్చ, నీలం ప్లాస్టిక్కు బిందెలు, సొట్టలు పడ్డ స్టీలువి, నూనె డబ్బాలు, ఒక పిల్లాడి స్నానం బకెట్టు. ఇటు గోడ నుంచి అటు కాలువ దాకా కిక్కిరిసి ఉన్నాయి. ఆ వెనకనుంచి ఇంకా తెస్తున్నారు. కొట్టానికి వేరే దారి లేదు.

ఏబేలు బ్రేకు మీద నిలబడ్డాడు. బండి కీచుమని మొదటి బిందెకు జానెడు దూరంలో ఆగింది.

"తీయండమ్మా! నీళ్ళు కాదు, మంట! అవతల మంట!"

ఆడవాళ్ళు నవ్వారు. ఏబేలన్న ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడేవాడే గదా. "ఏంది ఏబేలన్నా, ఈరోజు ఇంత నిండుగా తెచ్చినావు, మా మీద అంత ప్రేమొచ్చిందా?" అంది ఒకామె బిందె సర్దుతూ. ఆమె పక్కనే పిల్లలు బిందెల మధ్య తమ చోటు కోసం తోసుకుంటున్నారు.

అందరికన్నా ముందు ఉండేది మగ్దలీనమ్మ. ఆమె ఏబేలు మొహం చూసింది. అందులో నవ్వు లేదు, కళ్ళు తడిగా ఉన్నాయి. "ఓసే, తీయండే! వాడు ఎగతాళి చెయ్యడంలేదు, తీయండే!" అని తన పచ్చ బిందెను కాలితో తన్నింది. అది దొర్లిపోయింది. అప్పటికి గానీ ఊరికి అర్థం కాలేదు. ఒక్కసారిగా అందరూ బిందెల మీద పడ్డారు. తొందరలో ఒకరి బిందె ఒకరి కాళ్ళకి తగిలి మళ్ళీ దారిలోకే వచ్చింది. జాన్సను దూకి రెండు చేతులా విసిరేస్తున్నాడు. బండి కదిలింది. దొర్లుతున్న బిందె కోసం ఒక పిల్ల చక్రాల ముందుకి ఉరికింది, ఏబేలు మళ్ళీ బ్రేకు వేశాడు.  

సందు దాటేసరికి పొగ సన్నగా లేదు. గుట్ట పక్క ఆకాశం మూసుకుపోయి ఉంది.

కొట్టం దగ్గరకు పోయేసరికి పైకప్పు కూలిపోయి ఉంది. చొప్పవాము ఎర్రగా కణకణలాడుతోంది. కందికట్టె పెటపెటమని పేలుతోంది. తెగిన పలుపుతో ఒక ఎద్దు దూరంగా చేలో నిలబడి వణుకుతోంది. ఏబేలు పంపు ఆన్ చేశాడు, జాన్సను హోసు పట్టుకుని ముందుకు ఉరికాడు. శిల్ప పరిగెత్తుకుంటూ వచ్చి ఏబేలు చొక్కా పట్టుకుంది. చేతులు రెండూ మసి.

"ఒక ఎద్దును బయటికి తోలినాడు అన్నా. రెండోదానికి పోవద్దు మామా అని కాళ్ళు పట్టుకున్నా. ఆగినాడు. అంతలోకే మీ బండి కూత ఇనబడింది. బండొచ్చేసిందిలే శిల్పా, ఇంక భయం ల్యా అని మళ్ళా పోయినాడు. కూత ఆగిపోయింది. మీరు రాల్యా. ఏమైనారన్నా? అంత దగ్గరికొచ్చి ఏమైపోయినారు?"

ఏబేలు చెయ్యి పంపు లివరు మీదే ఉంది. తీయలేదు. తీస్తే నీళ్ళు ఆగిపోతాయి.

మంట అణిగాక జాన్సను లోపలికి పోయాడు. కాసేపటికి బయటికి వచ్చి, హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. శిల్ప నేలమీద కూర్చుండిపోయింది. చేలోని ఎద్దు ఒకసారి అరిచి ఊరుకుంది.

పోలీసులు, ఊరి పెద్దలు వచ్చి వెళ్ళేసరికి పొద్దు వాలింది. మురళీకృష్ణ ఏబేలును బండి చాటుకు పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"దార్లో గొర్రెల మంద అడ్డం వచ్చిందని రాస్తాను. జాన్సను కూడా అదే చెప్తాడు. నువ్వు ఏం మాట్లాడకు."

ఏబేలు తల అడ్డంగా ఊపాడు. 

"గొర్రెలని రాయొద్దు సార్. బిందెలని రాయండి."

"పిచ్చా నీకు? నీ ఉద్యోగం, నీ కూతురు చదువు..."

"ఆ ఊరిపేరు ఎత్తొద్దు. వాళ్ళు చేసిందేం ల్యా. ఆ కూతకి నీళ్ళొస్తాయని వాళ్ళకి నేర్పింది నేను. నా పేరు రాయండి. నీళ్ళు పోసినానని నేను ఎప్పుడూ సిగ్గుపడలే సార్, ఇప్పుడూ పడను. కానీ ఆ ముసిలాయన నా కూత నమ్మి లోపలికి పోయినాడు. అది గొర్రెల మీదికి తోస్తే నేను మనిషిని కాను."  ఖాకీ చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. కన్నీళ్ళకి మసి కలిసి చెంప మీద అట్లాగే నిలిచింది.

మురళీకృష్ణ మెడ చుట్టూ ఉన్న తడిగుడ్డ తీసి అతని చేతికిచ్చాడు. 

తిరుగుదారిలో ఏబేలు సైరన్ ముట్టుకోలేదు. గుట్టకిందపల్లె సందు ఊడ్చినట్టు ఖాళీగా ఉంది. ఆడవాళ్ళు గడపల్లో నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలోనూ బిందె లేదు. పిల్లల్ని కూడా లోపలికి లాక్కున్నారు. సందు మధ్యలో మాత్రం మగ్దలీనమ్మ పచ్చ బిందె, మధ్యాహ్నం తన్నినప్పుడు దొర్లి, అక్కడే పక్కకి పడి ఉంది.

ఏబేలు బండి ఆపాడు. ట్యాంకులో ఇంకా నీళ్ళున్నాయి. పక్క సీట్లో మురళీకృష్ణ కిటికీలోంచి గుట్ట వైపు చూస్తూ కూర్చున్నాడు, అతనికేం కనపడనట్టే.

ఏబేలు దిగి బిందెను నిలబెట్టాడు. పైపు పెట్టి వదిలాడు. సందులో ఆ నీళ్ళ చప్పుడు ఒక్కటే.

"వద్దు నాయనా," అంది మగ్దలీనమ్మ గడప దిగకుండానే.  "మేమే గదా అడ్డం పడింది. ఆ నీళ్ళు మా గొంతు దిగవు."

"మీరు కాదు పెద్దమ్మా. నేను." నిండిన బిందె మీంచి పైపు తీశాడు. "ఈ ఒక్కటీ తీసుకో. ఇంక నేను ఈ దారిన రాను."

ఆమె కదలలేదు.  ఏబేలు పైపు చుట్టి, మూత బిగించి, బండెక్కాడు. బిందెకు తగలకుండా, కాలువ అంచు మీదుగా చక్రాలు పోనిస్తూ నెమ్మదిగా దాటించాడు.

ఆ వారం తిరక్కుండానే ఆ బండికి వేరే డ్రైవరు వచ్చాడు. ఏబేలు తన మంచం, తువ్వాలు తీసుకుని మార్కాపురం బస్సెక్కాడు. విచారణ ఎప్పటికి తేలుతుందో చెప్పినవాళ్ళు లేరు. గుట్టకిందపల్లెలో అందరూ ఆ సందులోంచే తిరిగారు, ఆ బిందెను తప్పించుకుంటూ తిరిగారు. మగ్దలీనమ్మ పచ్చ బిందె సందు మధ్యలో, అంచు దాకా నిండి, పైన ఒక నల్లటి నుసి తేలుతూ, ఎవరూ ఎత్తుకోక అట్లాగే ఉండిపోయింది.